మన వయసు మనకే తిప్పి చెప్పే బీపీ మెషీన్

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తాను. బీపీ చూసుకోవడానికి ఈ మెషీన్ బాగుంది. పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసిన ‘ధమనుల బిరుసు కొలుస్తుంది, మీ రక్తనాళాల వయసు చెబుతుంది’ అన్న మాట చూసి కొనేట్టయితే మాత్రం కొనకండి. నేనైతే అయిదుకి మూడు స్టార్లు ఇస్తాను, ఆ మూడూ బీపీకే.

కంపెనీ పేరు రాయట్లేదు. చేతికి చుట్టే ఒక్క పట్టీతోనే బీపీతో పాటు పల్స్ వేవ్ వేగం (నాడి అల ధమనుల వెంట పోయే వేగం, బిరుసుని కొలిచేది దీనితోనే) కూడా చెబుతామనే మెషీన్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. నాకు కనబడిన లోపం ఈ ఒక్క బ్రాండుది కాదు, అసలు ఆ పద్ధతిదే. కాబట్టి మీరు ఏది కొనబోతున్నా ఇది పనికొస్తుంది.

నా సంగతి రెండు ముక్కల్లో. 54 ఏళ్లు, బీపీ ఎప్పటినుంచో ఉంది, మందులు వేసుకుంటున్నా పై అంకె 140 చుట్టూనే తిరుగుతూ ఉంటుంది. మొన్నామధ్య మా డాక్టరుగారు రికార్డు తిరగేస్తూ ‘పై అంకెకీ కింది అంకెకీ మధ్య తేడా పెరుగుతూ వస్తోంది, ధమనులు గట్టిపడుతున్నట్టున్నాయి’ అన్నారు. అలాంటి మాట విన్నాక, ఇంట్లో కూర్చుని దాన్ని కొలుచుకోవచ్చు అని ప్రకటన కనిపిస్తే చేతులు ఊరుకుంటాయా, తెప్పించేశాను.

మెషీన్ గురించి చెప్పే ముందు అసలు కొలవాల్సిందేమిటో కొంచెం చెప్పాలి, లేకపోతే నా ఫిర్యాదు అర్థం కాదు. గుండె నుంచి బయటికి వచ్చే పెద్ద గొట్టం బృహద్ధమని. గుండె కొట్టుకున్నప్పుడల్లా అది సాగి కొంత రక్తాన్ని తనలో ఆపుకుంటుంది, గుండె సేద తీరే క్షణంలో ముడుచుకుని ఆ రక్తాన్ని ముందుకు తోస్తుంది. అందుకే గుండె ఆగి ఆగి కొడుతున్నా రక్తం మాత్రం ఆగకుండా పారుతుంది. ఆ సాగే గుణం ఎలాస్టిన్ అనే ప్రొటీన్ పోగుల వల్ల వస్తుంది, చిక్కేమిటంటే అది ఎక్కువగా చిన్నతనంలోనే తయారవుతుంది, పెద్దయ్యాక పోయినదాని బదులు కొత్తది దాదాపుగా రాదు. రోజుకి సుమారు లక్షసార్లు సాగి ముడుచుకునే గోడ కదా, ఏళ్లు గడిచేకొద్దీ ఆ పోగులు తెగుతూ వస్తాయి, భారం కొల్లాజెన్ మీద పడుతుంది, కొల్లాజెన్ అంతగా సాగదు. ఇది అందరికీ జరిగేదే, కానీ బీపీ, షుగరు, సిగరెట్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి తొందరగా జరుగుతుంది.

గోడ బిరుసెక్కితే ఏమవుతుంది? పై అంకె పెరుగుతుంది, కింది అంకె తగ్గుతుంది. యాభై అరవై దాటినవాళ్లలో చాలామందికి 160 కింద 75 లాంటి అంకెలు రావడం ఇందుకే. కింది అంకె బాగుందిలే అని సంతోషించేవాళ్లని చూశాను, అది సంతోషించాల్సిన విషయం కాదు. గుండె కండరానికి రక్తం ప్రధానంగా అందేది గుండె సేద తీరే సమయంలోనే, కింది అంకె మరీ తగ్గితే ఆ సరఫరాకే ఇబ్బంది. అదే సమయంలో గుండె ఎడమ గది ఎక్కువ ఒత్తిడికి ఎదురు కొట్టాలి కాబట్టి దాని గోడ మందమవుతుంది. మెదడు, కిడ్నీల సంగతి ఇంకోటి. ఆ రెంటికీ రక్తం ధారాళంగా వెళ్లాలి, అడ్డు తక్కువ ఉంటుంది, అందుకని పెద్ద ధమని మింగాల్సిన అదురు నేరుగా అక్కడి సన్నటి నాళాల మీదికి పోతుంది. పక్షవాతం, కిడ్నీ దెబ్బతినడం, మతిమరుపు జబ్బులు, వీటికీ బిరుసెక్కిన ధమనులకీ సంబంధం ఉందనడం ఈ లెక్కనే.

కొలిచే పద్ధతి వినడానికి చాలా సింపుల్. గుండె కొట్టిన అదురు ధమని గోడ వెంట అలలా పోతుంది, గోడ ఎంత గట్టిగా ఉంటే అల అంత వేగంగా పోతుంది. మెడ దగ్గర నాడి ఎప్పుడు తగిలింది, గజ్జల దగ్గర ఎప్పుడు తగిలింది, మధ్య దూరం ఎంత, అంతే, దూరాన్ని సమయంతో భాగిస్తే వేగం వస్తుంది. సెకనుకి ఇన్ని మీటర్లు అని చెబుతారు. గోడ గట్టిదనానికీ అల వేగానికీ మధ్య లెక్క మోయెన్స్, కోర్టెవెగ్ అనే ఇద్దరు 1878లోనే తేల్చిపెట్టారు, కొత్త సంగతేమీ కాదు. యూరప్ మార్గదర్శకాలు 2007లో సెకనుకి 12 మీటర్లు దాటితే ప్రమాదం అన్నాయి. తర్వాత 2012లో నిపుణులు కూర్చుని, మెడ నుంచి గజ్జల దాకా టేపు పెట్టి కొలిచిన దూరంలో 80 శాతమే అసలు దూరంగా లెక్కపెట్టాలని చెప్పి ఆ హద్దుని 10కి మార్చారు. అంటే జనం ధమనులు ఒక్కసారిగా మెత్తబడలేదు, దూరం లెక్క మారింది. పాత రిపోర్టూ కొత్త రిపోర్టూ పక్కపక్కన పెట్టుకుని ఆనందపడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఈ వేగం ఉత్త సరదా అంకె కాదు. పారిస్‌లో బీపీ ఉన్న 1,980 మందిని సగటున తొమ్మిదేళ్లకి పైగా గమనించి 2001లో ఒక పరిశోధన అచ్చయింది, వేగం ఎక్కువ ఉన్నవాళ్లలో గుండె జబ్బులతో మరణాలు ఎక్కువని తేలింది, వయసూ షుగరూ లాంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా. 2010లో 17 పరిశోధనలని, దాదాపు 16 వేల మందిని కలిపి చూస్తే వేగం సెకనుకి ఒక్క మీటరు పెరిగితే గుండె, రక్తనాళాల ప్రమాదం సుమారు 14 శాతం పెరిగింది. అమెరికాలో దశాబ్దాలుగా సాగుతున్న ఫ్రేమింగ్‌హామ్ గుండె అధ్యయనం వాళ్లు 2012లో ఇంకో మాట చెప్పారు, నాకు అన్నిటికన్నా అదే ఆసక్తిగా అనిపించింది. బీపీ వల్ల ధమనులు బిరుసెక్కుతాయి అనే కదా మనం అనుకునేది, వాళ్ల లెక్కలో బిరుసు ముందు కనబడి బీపీ తర్వాత వచ్చింది. బీపీ గోడని పాడుచేస్తుంది, పాడైన గోడ బీపీని పెంచుతుంది, రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ పోతాయన్నమాట.

ఇక మెషీన్ దగ్గరికి వద్దాం.

పట్టీ బాగుంది. 22 నుంచి 42 సెంటీమీటర్ల చుట్టుకొలత దాకా సరిపోతుంది, కాస్త గట్టిగా ఉంటుంది కాబట్టి ఒంటిచేత్తో కూడా చుట్టుకోవచ్చు. లావు చేతులున్నవాళ్లు చిన్న పట్టీ వాడితే బీపీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, ఆ బాధ దీనితో లేదు. తెర మీద అంకెలు కళ్లజోడు లేకుండా కనబడతాయి. నాడి సరిగ్గా లేకపోతే ఒక గుర్తు వెలుగుతుంది. డాక్టరుగారి దగ్గర కొలిచినదానికీ దీనికీ పెద్ద తేడా రాలేదు. బీపీ కొలతకి దీని దగ్గర ఐఎస్ఓ 81060-2 ప్రమాణం ప్రకారం పరీక్ష జరిగిన కాయితం ఉంది, అది ముఖ్యం, మార్కెట్లో ఆ కాయితం లేని మెషీన్లు బోలెడు. మీరు ఏది కొన్నా పరీక్షలో నెగ్గిన బీపీ మెషీన్ల పేర్లుండే స్ట్రైడ్ బీపీ అనే ఆన్‌లైన్ జాబితాలో మోడల్ నంబరు ఉందో లేదో చూసుకుని కొనండి, ఉచితంగా చూడొచ్చు.

బిరుసు కొలత ఎలా తీస్తుందంటే, మామూలుగా బీపీ చూసి గాలి వదిలేశాక పట్టీ మళ్లీ బిగుసుకుంటుంది, ఈసారి కింది అంకె దగ్గర ఆగి కాసేపు అలాగే పట్టుకుంటుంది. వేళ్లు కొంచెం తిమ్మిరెక్కుతాయి, పట్టీ లోపల నాడి టకటకా కొట్టుకోవడం మనకే తెలుస్తుంది, తెర మీద ఒక గీత లేచి పడుతూ ఉంటుంది. చూడ్డానికి భలే శాస్త్రీయంగా ఉంటుంది. తర్వాత పచ్చ, పసుపు, ఎరుపు రంగుల చక్రం మీద ముల్లు తిరిగి ఆగుతుంది, కింద ‘సెకనుకి 9.5 మీటర్లు, రక్తనాళాల వయసు 58’ అని వస్తుంది. మా ఆవిడ పక్కనుంచి చూసి ‘నాలుగేళ్లు ముందుకెళ్లిపోయారే’ అంది.

అనుమానం ఎక్కడ మొదలైందంటే, మెషీన్ వాడటం మొదలుపెట్టగానే పుట్టిన సంవత్సరం అడిగింది. బీపీ కొలవడానికి వయసు అక్కర్లేదు. మెడకీ గజ్జలకీ మధ్య అల వేగం కొలవడానికీ అక్కర్లేదు, దూరం, సమయం ఉంటే చాలు. మరి దీనికెందుకు? పైగా ఇది కొలిచేది ఒక్క చోట, మోచేతి పైన. ఒకే చోట నిలబడి అల ఎంత వేగంగా వచ్చిందో ఎలా చెబుతుంది? ముందుకెళ్లి తగిలి వెనక్కి కొట్టిన అల ఎప్పుడు వచ్చిందో నాడి ఆకారం చూసి లెక్కగడతాం అని పుస్తకంలో రాశారు. సరే, చూద్దాం అని సెట్టింగుల్లోకి పోయి పుట్టిన సంవత్సరం మార్చాను. అదే కుర్చీ, అదే చెయ్యి, పట్టీ విప్పను కూడా లేదు, బీపీ కూడా 142 కింద 88కి అటూ ఇటూనే. నాకు 34 ఏళ్లు అని చెబితే 7.7 వచ్చింది, ముల్లు నిండు పచ్చలో ఆగింది. 74 అని చెబితే 12.7, ఎరుపు, వెంటనే వైద్యుడిని కలవండి అని సందేశం. మళ్లీ 54కి తెస్తే 9.6.

నా ధమనులు అక్కడే ఉన్నాయి. మారింది నేను నొక్కిన అంకె ఒక్కటే. జాతకం చూపించుకోడానికి వెళితే మన పుట్టిన తేదీ మనకే చదివి వినిపించినట్టుంది వ్యవహారం.

ఇందులో ఒక ఆసక్తికరమైన విషయముంది, అది చెప్పకపోతే మెషీన్‌కి అన్యాయం చేసినవాణ్ణవుతాను. వయసూ సగటు బీపీ మాత్రమే తీసుకుని పల్స్ వేవ్ వేగాన్ని అంచనా వేసే సూత్రం ఒకటి ఉంది, పరిశోధకులు వాడుతుంటారు, కాగితం మీద కూడా వేసుకోవచ్చు. దానిలో నా అంకెలు వేస్తే 34కి 7.7, 54కి 9.6, 74కి 12.8 వస్తాయి. మెషీన్ చూపినవాటికీ వీటికీ ఎంత తేడా ఉందో మీరే చూడండి. స్ప్రింట్ అనే పెద్ద బీపీ ట్రయల్ డేటా మీద ఈ అంచనా వేగాన్ని పెట్టి చూస్తే అది కూడా రాబోయే ప్రమాదాన్ని బాగానే సూచించిందని 2019లో వచ్చింది. కాబట్టి మెషీన్ చూపే అంకె అబద్ధం అనలేను. వయసు, బీపీ, గుండె జబ్బు ప్రమాదంలో ఈ రెండూ పెద్ద తలకాయలు, వాటితో చేసిన అంకె ప్రమాదాన్ని చూపించక ఏంచేస్తుంది. కానీ ఆ రెండూ నాకు ముందే తెలుసు కదా! కొత్తగా ఏం చెప్పినట్టు?

అసలు ఈ పరీక్ష ఎవరికి పనికొస్తుందో ఆలోచించండి. వయసుకి తగ్గట్టు ధమనులున్నవాళ్లకి దీనితో పెద్ద పనిలేదు. 45 ఏళ్లకే 65 ఏళ్ల ధమనులు వచ్చినవాణ్ణి పట్టుకోవడానికీ, 70 ఏళ్లొచ్చినా మెత్తగా ఉన్నవాళ్లని గుర్తించడానికీ కదా కొలవాలి. వయసుని బట్టి అంకె వేసే మెషీన్ సరిగ్గా ఈ ఇద్దరినే సగటువైపు లాగేస్తుంది. కావలసినచోటే గుడ్డిది.

నా విషయంలో అదే జరిగింది. డాక్టరుగారికి చెబితే నవ్వి, అసలు పరీక్ష రాసిచ్చారు. స్ఫిగ్మోకార్, కాంప్లియార్ లాంటి పరికరాలతో చేసేది. ఎండోస్కోపీలూ సూదులూ ఏమీ లేవు. పొద్దున సిగరెట్టూ కాఫీ లేకుండా రమ్మన్నారు, గది చల్లగా ప్రశాంతంగా ఉంది, పది నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టారు, మాట్లాడొద్దన్నారు, నిద్ర కూడా పోవద్దన్నారు. ఈసీజీ తీగలు పెట్టి, పెన్సిలు లాంటి సెన్సర్‌ని మెడ మీద ఆనించి నాడి దొరికేదాకా ఆ అమ్మాయి మెల్లగా జరుపుతూ ఉంది, దొరికాక తెర మీద ఒకే తీరు అలలు వరసగా వచ్చేదాకా ఆగింది. తర్వాత గజ్జల దగ్గర అదే పని, అక్కడ దొరకడానికి చాలాసేపు పట్టింది. రెండుసార్లు తీసి, రెంటికీ తేడా ఎక్కువుందని మూడోది తీసింది. టేపుతో దూరం కొలిచి 0.8తో గుణించడం కూడా నా కళ్లముందే చేసింది. వచ్చింది 11.3. అంటే 10 హద్దుకి అవతల. ఇంట్లో మెషీన్ ఇప్పటికీ పసుపు రంగు చూపిస్తూనే ఉంది.

ఒక్క మనిషి ఒక్క పరీక్ష, దీన్నిబట్టి మెషీన్ ఎప్పుడూ తక్కువే చూపిస్తుందని నేననను, ఇంకొకరికి ఎక్కువ చూపించొచ్చు. ధమనుల మీద పనిచేసే ఆర్టరీ సొసైటీ వాళ్లు ఇలాంటి పరికరాలకి పెట్టిన 2010 ప్రమాణంలో కూడా ‘ఫరవాలేదు’ తరగతికి సగటు తేడా సెకనుకి 1 మీటరు లోపు, చెదురు (స్టాండర్డ్ డీవియేషన్, అంటే ఒక్కొక్కరి తేడా సగటు నుంచి ఎంత అటూ ఇటూ పోతుందో) 1.5 మీటర్ల దాకా ఉండొచ్చని ఉంది. అంటే వందలమంది సగటు చక్కగా సరిపోయినా ఒక్క మనిషి దగ్గరికొచ్చేసరికి రెండు మీటర్లు అటూ ఇటూ కావచ్చు. ఒక మీటరుకి 14 శాతం ప్రమాదం అనే చోట రెండు మీటర్లంటే చిన్నదేం కాదు.

యాప్ గురించి మాత్రం నాకు నిజంగా ఒళ్లు మండింది. ఒకరోజు మెట్లెక్కి వచ్చి ఆయాసం తగ్గకుండానే కొలుచుకుంటే బీపీ 160 దాటింది, వెంటనే ఫోన్లో ‘మీ రక్తనాళాల వయసు 5 ఏళ్లు పెరిగింది’ అని నోటిఫికేషన్. అయిదేళ్లు, మెట్లెక్కినందుకు! బీపీ పెరిగినప్పుడు గోడ సాగి భారం కొల్లాజెన్ మీద పడి ఆ క్షణానికి ధమని గట్టిగానే ఉంటుంది, వేగం పెరుగుతుంది, అది నిజమే. కాసేపటికి తగ్గిపోయే దాన్ని వయసు పెరిగింది అని చెప్పడం ఏం న్యాయం? బీపీ ఉన్నవాడికి ఇలాంటి మెసేజ్ పంపితే టెన్షన్‌తో తర్వాతి రీడింగ్ ఇంకా పెరుగుతుంది, యాప్ రాసినవాళ్లకి ఇది తట్టలేదా? ఇంకోటి, ఇద్దరు వాడుకోవచ్చు అంటారు గానీ మనిషిని మార్చే మీట పక్కకి ఉంటుంది, చూసుకోకుండా మా ఆవిడ కొలుచుకుంటే అది నా ఖాతాలో నా వయసుతో పడిపోయింది, తీసేసే వీలు లేదు.

కంపెనీకి రాశాను, వయసు లెక్కలో ఎంత పాత్ర వహిస్తుంది అని. లెక్క మా సొంత ఆస్తి, బయటపెట్టం అని మర్యాదగా జవాబిచ్చారు. పుస్తకం చివరి పేజీలో చీమల్లాంటి అక్షరాలతో ‘ఈ విలువ రోగ నిర్ధారణకి కాదు’ అని ఉంది. పెట్టె మీదున్న అక్షరాల సైజులో ఇది కూడా వేసుంటే నేను ఇంత రాసేవాణ్ణి కాదు.

ఇలాంటివి ముందూ జరిగాయి. విథింగ్స్ బాడీ కార్డియో అనే బరువు మెషీన్ 2016లో వచ్చింది, కాళ్లు పెట్టి నిలబడితే పల్స్ వేవ్ వేగం చెప్పేది. అప్పటికి ఆ కంపెనీని కొనుక్కున్న నోకియా 2018 జనవరిలో ఆ సదుపాయాన్ని తీసేసింది, దానికి వేరే స్థాయి అనుమతులు కావాల్సి రావచ్చని చెప్పి. కొన్నవాళ్ల ముఖాలు ఎలా ఉండుంటాయో.

ఇంకో గందరగోళం కూడా చెప్పాలి, ఎందుకంటే మెషీన్ల మీద సమీక్షల్లో జనం అంకెలు కలిపేసి పోట్లాడుకుంటున్నారు. జపాన్‌లో ఎక్కువగా చేసేది చేతికీ చీలమండకీ పట్టీలు కట్టి చేసే పరీక్ష. కాళ్ల ధమనులు కూడా కలుస్తాయి కాబట్టి అక్కడ అంకెలు పెద్దవి వస్తాయి, 14 దాటితే కొంచెం జాగ్రత్త, 18 దాటితే ఎక్కువ ప్రమాదం అంటారు. కావీ అని బిరుసుకి ఇంకో సూచిక ఉంది, దానికి మీటర్లూ సెకన్లూ ఉండవు, 9 హద్దు. మీ చీలమండ పరీక్షలో 14 వచ్చిందని మెడ-గజ్జల 10తో పోల్చి బెంగపడకండి. నాడి క్రమం తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లయితే వీటిలో ఏ అంకెనీ పెద్దగా నమ్మక్కర్లేదు.

అసలు పరీక్షైనా అందరూ పరిగెత్తి చేయించుకోవాలా అంటే, 2018 యూరప్ బీపీ మార్గదర్శకాలు కూడా ప్రతివాళ్లకీ రొటీన్‌గా వద్దనే అన్నాయి. ఫ్రాన్స్‌లో స్పార్ట్ అనే ట్రయల్‌లో 536 మంది బీపీ రోగుల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి పల్స్ వేవ్ వేగం చూసి మందులు మార్చారు, రెండో గుంపుకి మామూలు పద్ధతి. 2021లో ఫలితం వచ్చింది: వేగం చూసి మందులిచ్చినవాళ్లలో బిరుసు అదుపులో ఉంది గానీ గుండెపోట్లూ పక్షవాతాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 536 అంటే ఇలాంటి ప్రశ్నకి చిన్న సంఖ్యే, అయినా ‘కొలవండి, బతికిపోతారు’ అనే ప్రకటనలకి ఇది చాలు జవాబు. నాకు 11.3 వచ్చాక కూడా డాక్టరుగారు చెప్పింది పాత పాటే: ఉప్పు తగ్గించు, రోజూ నడువు, బరువు దించు, మందు మానకు. మందు మోతాదు మాత్రం మార్చారు, బీపీని ఇంకాస్త కిందికి తేవాలని.

మరి ఎవరు కొనొచ్చు? మంచి బీపీ మెషీన్ కావాలి, అదనపు సదుపాయానికి ఇచ్చే డబ్బు లెక్కలోకి రాదు అనుకునేవాళ్లు. మిగతావాళ్లకి ఇదే కంపెనీది బిరుసు కొలత లేని మోడల్ ఉంది, పట్టీ అదే, బీపీ కచ్చితత్వమూ అదే, ధర బాగా తక్కువ. ధమనుల సంగతి కాస్త తెలియాలంటే ఆ మెషీన్‌లోనే పై అంకెలోంచి కింది అంకె తీసేసి చూసుకోండి, పెద్ద వయసువాళ్లలో ఆ తేడా 60 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే యూరప్ మార్గదర్శకాలు దాన్ని ధమనులు బిరుసెక్కిన గుర్తుగానే లెక్కేస్తాయి. మొరటు కొలతే, కానీ వయసు అడగదు.

ఇప్పటికే కొన్నవాళ్లకి ఒక చిట్కా. నేను డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు వారం రోజులు పొద్దునా రాత్రీ రెండేసి రీడింగులు తీసి, మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు పట్టుకెళ్తాను, ఇంట్లో కొలిచేదానికి హద్దు 135 కింద 85. దీనికి బిరుసు కొలత అడ్డం, ప్రతిసారీ పట్టీ రెండోసారి బిగుసుకుంటే చిరాకు. ఆపే మీట మెషీన్ మీద లేదు, యాప్‌లో ప్రొఫైల్ పేజీ అడుగున ‘అదనపు విశ్లేషణ’ అని ఉంటుంది, అక్కడ ఆపాలి. ఆ వయసు పెరిగిందనే నోటిఫికేషన్ మాత్రం దాంతో ఆగదు, దాన్ని ఫోన్ సెట్టింగుల్లోకి వెళ్లి విడిగా ఆపుకోవాలి.